తిరిగి వచ్చిన సరుకును బాగుచేసి అమ్మాలా, తూకానికి ఇచ్చేయాలా?

డీలర్ల నుంచి తిరిగి వచ్చిన మిక్సీలు, ఫ్యాన్లు, ఇన్వర్టర్ బ్యాటరీలను బాగుచేసి అమ్మడమా, విడిభాగాలకు విప్పడమా, తూకానికి ఇచ్చేయడమా, ఏది లాభమో తేల్చే సూత్రం ఏదైనా ఉందా అని మీరు అడిగారు. గాజువాకలో ఒక గృహోపకరణాల పంపిణీదారు వద్ద పదకొండేళ్లు గోడౌన్ చూసుకున్నవాడిని కాబట్టి నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: ఆ మూడింటిలో ఏది అని ఆలోచించే ముందు, ఆలోచన తేలేదాకా ఆ సరుకు బతికి ఉంటుందో లేదో చూసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు స్తంభాలు నేలకొరిగి, నగరంలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. జనం ఇన్వర్టర్ల కోసం ఎగబడ్డారు. డీలర్లు మా దగ్గర అరువు మీద బ్యాటరీలు ఎత్తుకుపోయారు. చార్జి చేయడానికి కరెంటే లేనప్పుడు ఇన్వర్టర్ ఎందుకని అడిగినవారు ఒక్కరూ లేరు. కరెంటు రాగానే ఆ ఉత్సాహం చల్లారి, నవంబరు నడిమికల్లా నలభై ఒక్క బ్యాటరీలు మా గోడౌన్‌కు తిరిగి వచ్చాయి. కొన్ని రెండు మూడు రాత్రులు వాడినవి, కొన్ని అట్టపెట్టె కూడా తెరవనివి. పాడైనది మాత్రం ఒక్కటీ లేదు.

మా మెకానిక్ ఒక్కొక్క మూత విప్పి, హైడ్రోమీటరుతో ఆసిడ్ పీల్చి గ్రావిటీ, అంటే చార్జిని బట్టి మారే ఆసిడ్ చిక్కదనం, చూశాడు. నిండుగా చార్జి ఉంటే 1240 చూపాల్సిన చోట చాలావాటిలో 1180 దగ్గర ఆగింది. “రెండ్రోజులు చార్జింగుకు పెట్టేస్తే ఇవి కొత్తవే బాబూ” అన్నాడు. నేను ఆ మాటే ప్రధాన కార్యాలయానికి రాశాను. తనిఖీ ఇంజనీరు వచ్చి చూసేవరకు సరుకును ముట్టుకోరాదని జవాబు వచ్చింది. ఆయన ఫిబ్రవరిలో వచ్చారు.

అప్పటికి టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంది, గ్రావిటీ 1100కు దిగింది. చార్జి దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సీసపు సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడి, ఆ తరువాత ఎంత కరెంటు ఎక్కించినా పట్టదు. సల్ఫేషన్ పట్టిందని మెకానిక్‌లు అనేది దీన్నే. రోజుల తరబడి నెమ్మదిగా చార్జి ఎక్కిస్తే తొమ్మిది కోలుకున్నాయి. మిగిలిన ముప్పై రెండూ సీసం ధరకు పోయాయి. అప్పట్లో అమల్లో ఉన్న 2001 నాటి బ్యాటరీ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లర్‌కే చేరాల్సి ఉండేది కనుక, లారీ లోడు నిండేదాకా మరో నెల ఆగవలసి వచ్చింది.

ఆ నవంబరులోనే వచ్చిన మిక్సీలు మాత్రం, కొన్నింటి జార్లలో ఎండిపోయిన పచ్చడితో సహా, ఏమాత్రం చెడకుండా నిలిచాయి. మన సముద్రపు గాలికి బేరింగులు తుప్పు పడతాయి గాని, అది నెలల్లో తెలిసే నష్టం కాదు. అటువంటివాటిని పోగుచేసి, ఒకే లోడుగా 600 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు వర్క్‌షాపుకు పంపితే ఖర్చు కలిసివస్తుంది. యాభై కిలోల బ్యాటరీని మాత్రం వచ్చిన చోటనే, వచ్చిన రోజునే తేల్చాలి. సెల్‌ఫోన్లను చెడగొట్టేది వాతావరణం కాదు, తరువాతి మోడల్ ప్రకటన. వాటికీ ఆగే ఓపిక ఉండదు. విడిభాగాలకు విప్పడం, అదే మోడల్ ఇంకా జనం ఇళ్లలో తిరుగుతూ ఉంటేనే పనికివస్తుంది; లేకపోతే అలమరాలు నిండుతాయి తప్ప డబ్బు రాదు.

ఇది తెలియక కాదు ప్రధాన కార్యాలయాలు ఆలస్యం చేసేది. తిరిగి వచ్చిన సరుకు పుస్తకాల్లో పూర్తి ధరకే ఉంటుంది. దాన్ని ఈ నెల ముప్పాతిక ధరకు అమ్మితే నష్టం అమ్మినవాడి పేరు మీద కనిపిస్తుంది. అది మూలపడి చచ్చిపోతే ఆ నష్టం ఎవరి పేరు మీదా ఉండదు. ఇప్పుడు జీఎస్టీలో క్రెడిట్ నోటుకు, అంటే తిరిగి వచ్చిన సరుకు మీది పన్నును తగ్గించుకునే చీటీకి, తరువాతి ఆర్థిక సంవత్సరపు నవంబరు 30 దాకా గడువు ఉన్నందున, ఫైలు నవంబరులో పరుగెడుతుంది. సరుకు ప్రాణం మే నెల ఎండల్లోనే పోయి ఉంటుంది.

ఆ ఫిబ్రవరి తరువాత నేను ఎవరినీ అడగకుండా గోడౌన్ మెట్ల కింద రెండు చార్జర్లు పెట్టించి, వచ్చిన బ్యాటరీని రిజిస్టరులో ఎక్కించకముందే ప్లగ్గుకు తగిలించమని చెప్పాను. మరుసటి ఏడాది తిరిగి వచ్చినవాటిలో తూకానికి పోయినవి నాలుగే. ఆ ఏడాది ఆడిటర్ మాత్రం గోడౌన్ కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందని అడిగి, నా చేత మూడు పేజీల వివరణ రాయించుకున్నాడు.