మారువేషమూ నేపథ్యమూ

సందేహం: 1994 నాటి ఆస్ట్రేలియా చిత్రం ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ది డెసర్ట్’ గురించి రాస్తూ, ‘కుటుంబ నేపథ్యంలో సాగే ఈ హాస్యకథలో ముగ్గురు డ్రాగ్ కళాకారులు సిడ్నీ నుంచి బస్సులో ఆలిస్ స్ప్రింగ్స్‌కు బయలుదేరతారు’ అన్నాను. ‘డ్రాగ్’ (వేదిక మీద ఆడంబరమైన ఆడవేషంలో చేసే ప్రదర్శన) బదులు ‘మారువేషం’ అనాలని మిత్రుడు పట్టుబడుతున్నాడు. అది సరైనదేనా? ‘ఆడవేషం వేయడం’, ‘కట్టడం’ – వీటిలో ఏది మేలు?

సమాధానం: మీ మిత్రుని మాట చెల్లదు. ఇతరులు ఆనవాలు పట్టకుండా ఉండడానికి వేసేది మారువేషం. విరాటుని కొలువులో బృహన్నలగా ఉన్న అర్జునుడి గుట్టు రట్టయితే పాండవులు మళ్లీ అడవుల పాలు కావలసిందే. డ్రాగ్‌లో అటువంటి దాపరికం లేదు. ఆ సింగారం వెనుక ఎవరున్నారో ప్రేక్షకులకు తెలిసి ఉండడంలోనే దాని రసమంతా ఉంది. సత్యభామగా ‘మీరజాలగలడా’ అని పాడిన స్థానం నరసింహారావును చూడవచ్చిన జనం కూడా ఆయన పేరు విని వచ్చినవారే.

మీరు అడగకపోయినా, మీ వాక్యంలో నన్ను ఆపింది ‘నేపథ్యం’. అమరకోశం ‘ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్’ అంటూ వేషాన్నీ నేపథ్యాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. అంటే నేపథ్యం వేషమే, అలంకరణే. ఆ అలంకరణ జరిగే తెరవెనుక చోటుకూ అదే పేరు వచ్చింది. కాళిదాసు చమత్కారం చూడండి: శాకుంతల ప్రస్తావనలో సూత్రధారుడు నేపథ్యం వైపు చూసి, ‘ఆర్యే, యది నేపథ్యవిధానమవసితమ్, ఇతస్తావదాగమ్యతామ్’ అని నటిని పిలుస్తాడు. అతడు చూసిన నేపథ్యం చోటు, ముగిసిందా అని ఆరా తీసిన నేపథ్యం సింగారం. ఒక్క గుక్కలో రెండర్థాలూ పలికించి, ఏమీ ఎరగనట్టు నాటకంలోకి నడిచిపోయాడు మహానుభావుడు. తెరవెనుక నుంచి వినవచ్చే పాట కనుక నేపథ్యగానం అయింది. అక్కడిదాకా న్యాయమే. ఇప్పుడు పత్రికల్లో ఎన్నికల నేపథ్యం, వర్షాల నేపథ్యం, ఉల్లి ధరల నేపథ్యం! ‘వల్ల’, ‘కారణంగా’, ‘సందర్భంలో’ అనే మాటలు ఏ పాపం చేశాయో తెలియదు. ఈ వాడుక పాతుకుపోయింది, పెరికివేయడం నా వల్ల కాదు. కానీ ఈ చిత్రం విషయంలో మాత్రం అసలు అర్థాన్ని వదులుకోవడం అన్యాయం. రబ్బరు చెప్పులు కుట్టి చేసిన గౌను, ఎడారిలో బస్సు పైకప్పు మీద బారెడు వెండిరంగు వస్త్రం గాలికి ఎగురుతుండగా ఎవరో పాడిన ఒపెరాకు పెదవులాడించే దృశ్యం – వేషమనే నేపథ్యమూ, మరుగున ఉండి పలికే గొంతు అనే నేపథ్యమూ ఇంతగా కలిసే కళ మరొకటి నాకు తోచదు. దుస్తులకే ఆస్కారు పొందిన చిత్రమది. టిక్ అనే కళాకారుడు భార్య పిలుపు మీద వెళ్లి, చిన్న కొడుకు ముందు తన బతుకు దాచాలా వద్దా అని తల్లడిల్లడాన్ని ‘కుటుంబ కథ’ అంటే సరిపోతుంది.

ఇక వేయడమా, కట్టడమా అంటారా, రెండూ ఉన్నవే. చీర కట్టు, గజ్జె కట్టు అన్న వరసలో కూచిపూడి సత్యభామకు ‘వేషం కట్టడం’ నా చెవికి ఇంపుగా ఉంటుంది, ‘వేయడం’ తప్పనలేను. ‘వేషాలు వేయడం’ అని బహువచనంలో అన్నారో, అది తిట్టు. ‘ఆడవేషగాడు’లో చులకన ధ్వనిస్తుంది కనుక వద్దు. ‘స్త్రీ పాత్రధారి’ అనాలంటే నాటకంలో పాత్ర ఉండాలి. డ్రాగ్‌కు అది అక్కరలేదు. పైగా ఆ ముగ్గురిలో బెర్నడెట్ ట్రాన్స్ మహిళ. ఆమె రంగం దిగిన తరువాత కట్టుకున్న బట్టలను ఆడవేషం అనడం భాషలోనూ తప్పే, మర్యాదలోనూ తప్పే. అందుచేత ముగ్గురికీ కలిపి చెప్పేటప్పుడు ‘డ్రాగ్’ అనే ఉంచండి. ఒక్కొక్కరి ప్రదర్శనను వర్ణించే చోట ‘వేషం కట్టడం’ వాడి చూడండి, నప్పవచ్చు.