పాఠకుల ప్రశ్నలు: గోల్స్ పట్టికలో కనబడని ఆటగాడు

ప్రశ్న: 2019 సంవత్సరానికి ప్రపంచ ఉత్తమ హాకీ ఆటగాడి పురస్కారం మన్‌ప్రీత్ సింగ్‌కు దక్కిందని చదివాను. గోల్స్ కొట్టినవారి జాబితాలో ఆయన పేరు అరుదుగానే కనబడుతుంది. మరి ఆ పురస్కారం దేనికి ఇచ్చినట్టు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీకు ఈ సందేహం రావడంలో మా తప్పు కూడా కొంత ఉంది. పత్రికలవాళ్ళం మ్యాచ్ వార్తను గోల్స్ చుట్టూనే అల్లుతాం కనుక, బంతిని ప్రత్యర్థి స్టిక్ నుంచి లాక్కుని ముందుకు చేరవేసినవాడి పేరు వార్తలోకి ఎక్కకుండానే పోతుంది. భారత జట్టు డిఫెండర్ హర్మన్‌ప్రీత్ సింగ్ డ్రాగ్ ఫ్లిక్‌తో (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే షాట్) గోల్ కొట్టాలంటే ముందు పెనాల్టీ కార్నర్ (ప్రత్యర్థి తప్పు చేస్తే దొరికే ప్రత్యేక గోల్ అవకాశం) రావాలి. అది రావాలంటే బంతి ప్రత్యర్థి 'డి' (గోల్ ముందుండే అర్ధవలయం) దాకా వెళ్ళాలి. అక్కడిదాకా దానికి దారి చేసేది చాలాసార్లు మధ్య మైదానంలో ఆడే మిడ్‌ఫీల్డరే. మన్‌ప్రీత్ ఆడేది ఆ స్థానంలోనే. పైగా 1990ల చివర ఆఫ్‌సైడ్ నిబంధనను తీసివేసినప్పటి నుంచి ఫార్వర్డ్‌లు ప్రత్యర్థి గోల్ దగ్గరే కాచుకుని ఉండవచ్చు. వాళ్ళను కాయడానికి డిఫెండర్లు వెనకే ఉండిపోతారు, మధ్య మైదానం విశాలమవుతుంది, ఆ ఖాళీనంతా పరుగెత్తి పూడ్చవలసిన భారం మిడ్‌ఫీల్డర్ల మీద పడుతుంది. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకోవడం, ఒత్తిడిలో ఉన్న డిఫెండర్‌కు పాస్ ఇవ్వడానికి వీలైన చోట నిలబడటం, జట్టు అలసినప్పుడు ఆట వేగం తగ్గించడం వంటి పనులకు స్కోరు పట్టికలో గడి లేదు.

1999లో మొదలైన ఆ పురస్కారాన్ని అందుకున్న తొలి భారతీయుడు మన్‌ప్రీత్. అంతకుముందు 2017, 2018లలో వరుసగా దాన్ని గెలుచుకున్న బెల్జియం ఆటగాడు ఆర్థర్ వాన్ డోరెన్ కూడా గోల్స్ కొట్టే ఫార్వర్డ్ కాదు, డిఫెండర్ అన్నది గమనించండి.

నన్నడిగితే, మన్‌ప్రీత్ విలువ తెలియడానికి పురస్కారం కంటే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్ మంచి సాక్ష్యం. 17వ నిమిషంలో డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపడంతో భారత్ 40 నిమిషాలకు పైగా పదిమందితోనే ఆడవలసి వచ్చింది. మన్‌ప్రీత్ మధ్య మైదానం వదిలి రక్షణ వరుసలోకి దిగారు. మ్యాచ్ 1-1తో ముగిసింది, విజేతను తేల్చే షూటౌట్‌లో 4-2తో గెలిచాం. గోల్ కొట్టినవారిలోనూ, షూటౌట్‌లో పాల్గొన్నవారిలోనూ ఆయన పేరు లేదు.

ప్రశ్న: ఆయన క్రీడాజీవితాన్ని క్లుప్తంగా చెప్పగలరా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: జలంధర్ దగ్గరి మిఠాపూర్ ఆయన ఊరు, భారత మాజీ కెప్టెన్ పర్గత్ సింగ్‌దీ అదే ఊరు. 2011లో, 19 ఏళ్ళ వయసులో జాతీయ జట్టులోకి వచ్చారు. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో భారత్ అన్ని మ్యాచ్‌లూ ఓడి 12వ స్థానంలో, అంటే చిట్టచివర, నిలిచింది. ఆ జట్టులో ఉన్న కుర్రవాడే తొమ్మిదేళ్ళ తరువాత టోక్యోలో కెప్టెన్‌గా, గ్రూపు దశలో ఆస్ట్రేలియా చేతిలో 1-7 తేడాతో చిత్తయిన జట్టును మళ్ళీ నిలబెట్టి, జర్మనీపై 5-4 విజయంతో 41 ఏళ్ళ తరువాత దేశానికి ఒలింపిక్ హాకీ పతకం, కాంస్యం, తెచ్చారు. అదే ఏడాది ఖేల్‌రత్న లభించింది. పారిస్‌లో రెండో కాంస్యం, అదీ కెప్టెన్సీ లేకుండా, హర్మన్‌ప్రీత్ నాయకత్వంలో. మధ్యలో 2014, 2023లలో ఆసియా క్రీడల స్వర్ణాలున్నాయి. ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లు 400 దాటాయి.

ప్రశ్న: మన తెలుగు ప్రాంతంతో ఆయనకు ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఊరితోనే ఉంది. 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో ఆయన ఆడిన గోనాసిక జట్టు విశాఖపట్నం పేరు మీదే బరిలోకి దిగింది. కాకపోతే మ్యాచ్‌లు ఒడిశా, ఝార్ఖండ్‌లలో జరిగాయి కనుక, విశాఖవాసులు తమ జట్టును టీవీలోనే చూసుకోవలసి వచ్చింది.