పిట్టలు పాడిన ‘పై’

ప్రశ్న: అమ్మా, మా పాప రెండో తరగతి. స్కూల్లో రైమ్స్ డే పెట్టారు. ఎవరి రైమ్‌కి తగ్గ వంటకం వాళ్లు ఇంటి దగ్గర చేయించి తేవాలట. మా పాపకి ‘సింగ్ ఎ సాంగ్ ఆఫ్ సిక్స్‌పెన్స్’ వచ్చింది. అందులో ఇరవై నాలుగు నల్లపిట్టల్ని ‘పై’లో, అంటే లోపల కూరలాంటిది నింపి కాల్చే పిండివంటలో, పెట్టి కాల్చారని తెలిసి ఒకటే ఏడుపు. ఈ పాట ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కథని ఎవరో చెప్పారు. నిజమేనా? మేం మాంసం తినం, ఇంట్లో ఒవెన్ కూడా లేదు. ఏం చెయ్యను?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు పాప కళ్లు తుడువు తల్లీ. పై కొయ్యగానే పిట్టలు పాటందుకున్నాయని ఆ రైమ్‌లోనే ఉంది. కాలిన పిట్టలు పాడతాయా? ఆ మాట పాపకి చెప్పు, ఊరుకుంటుంది.

అది కవి కల్పన కూడా కాదు. ‘ఎపులారియో’ అనే ఇటాలియన్ వంటల పుస్తకం 1598లో ఇంగ్లీషులోకి వచ్చింది. పిట్టలు బతికుండగానే పైలోంచి ఎగిరేలా ఎలా చెయ్యాలో అందులో రాసి ఉంది. పెద్ద పై డొల్ల చేసి, అడుగున పిడికిలి పట్టేంత కన్నం పెట్టాలి. లోపల పిండి నింపి కాల్చాలి. కాలాక ఆ పిండి తీసేసి, కన్నంలోంచి బతికున్న చిన్న పిట్టల్ని లోపలికి పంపాలి. విందులో పై కొయ్యగానే అవి రివ్వున ఎగిరిపోతాయి. వచ్చినవాళ్లు ఉత్త పుణ్యానికి వెక్కిరింపు పాలవకూడదని, తినడానికి ఒక చిన్న పై కూడా లోపలే పెట్టమన్నాడు. ఎంత మర్యాద తెలిసిన వంటవాడో! నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఆ వాక్యమే.

హెన్రీ కథ మాత్రం నేను నమ్మను. పాటలోని రాజు హెన్రీ అట, రాణి ఆయన మొదటి భార్య కేథరిన్ అట, బట్టలారేసే పనిపిల్ల రెండో భార్య యాన్ బొలీన్ అట. ఆయన 1547లో పోయాడు. ఈ పాట లండన్‌లో పిల్లల పుస్తకంలో అచ్చయింది 1744 ప్రాంతంలో. అప్పటి పాటలో పైలో ఉన్నది పిట్టలు కూడా కాదు, ‘ఇరవై నాలుగు మంది అల్లరి పిల్లలు’! రాజుల కథలు తరవాతివాళ్లు అతికించినవి. వంట సంగతికి మాత్రం పుస్తకంలో సాక్ష్యం ఉంది.

ఇక మీ పై. పావు కిలో మైదా, 125 గ్రాముల చల్లటి వెన్న, చిటికెడు ఉప్పు వేళ్లతో రవ్వలా కలిపి, చల్లటి నీళ్లు మూడు నాలుగు చెంచాలు చిలకరించి ముద్ద చెయ్యి. చపాతీ పిండిలా మర్దించకు, గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచు. సగం వత్తి గిన్నెలో పరిచి, బఠాణీలేసిన బంగాళాదుంప కూర బాగా చల్లారాక నింపు. తడి కూరైతే అడుగు మెత్తబడుతుంది. మిగతా సగంతో మూత వేసి, మధ్యలో ఆవిరి పోయేందుకు గాటు పెట్టు. మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి వేడెక్కించి, స్టాండు మీద పై ఉంచి, మూతపెట్టి సన్నమంట మీద ముప్పావుగంట కాల్చు. పైభాగం తెల్లగానే ఉంటే ఇంకాసేపు ఉంచు. మిగిలిన పిండితో పిట్టల్ని పాప చేతే చేయించి, కాల్చేముందు పైన అతికించండి.

ప్రశ్న: మన తెలుగులో తిండి గురించిన పిల్లల పాట లేదా? మనవడికి నేర్పాలనుంది.
– ఒక బామ్మ, తెనాలి

జవాబు: అక్కయ్యగారూ, ‘అట్లతద్దోయ్ ఆరట్లోయ్, ముద్దపప్పోయ్ మూడట్లోయ్’ మీరు పాడే ఉంటారు! దాని పుట్టుక వెతకక్కర్లేదు, ఆశ్వయుజ బహుళ తదియనాడే ఉంది. తెల్లారకుండా లేచి గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, పెరుగుతో అన్నం తినడం, ఈ పాట పాడుతూ వీధిలోకి పరుగెత్తడం, ఉయ్యాలలు ఊగడం. చంద్రోదయం దాకా ఉపవాసం. తరవాత గౌరీదేవికి అట్లు నైవేద్యం, ముత్తయిదువలకి వాయనం. అట్లంటే కుజుడికి ఇష్టమని, మినుములు రాహువుకి, బియ్యం చంద్రుడికి చెందినవని మా అమ్మ పిండి రుబ్బుతూ చెప్పేది.

అబ్బాయిలకెందుకు అంటారేమో, నేర్పండి. రెండు పాళ్లు బియ్యానికి ఒక పాలు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, రాత్రంతా పులియనిచ్చి, మందంగా పోసి మూతపెట్టండి. వంటసోడా వద్దు. కందిపప్పు దోరగా వేయించి ఉడికిస్తే ముద్దపప్పు కమ్మగా ఉంటుంది. వేడి అట్టు మీద అది వేసి, నెయ్యి మాత్రం వాడినే పోసుకోనివ్వండి.