రిజిస్టర్‌కి ముందే పవర్ సంగతి చూసుకో

చిరంజీవి పద్మకి, భీమవరం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన రొయ్యల చెరువు ఆక్సిజన్ సెన్సర్ డ్రైవర్ (లినక్స్ కెర్నెల్‌లో ఆ చిప్‌ని నడిపే కోడ్) చదివాను. కోడ్ శుభ్రంగా ఉంది గానీ ప్రోబ్‌లో, అంటే చిప్ దొరకగానే కెర్నెల్ పిలిచే ఫంక్షన్‌లో, వరుస తిరగబడింది. సెన్సర్‌ని అందరికీ అందుబాటులోకి తెచ్చే ఐఐఓ (కెర్నెల్‌లో సెన్సర్ల విభాగం) డివైస్ రిజిస్టర్ ముందు పిలిచి, వాడనప్పుడు చిప్‌ని నిద్రపుచ్చే రన్‌టైమ్ పీఎం ఎనేబుల్ తర్వాత పెట్టావు. లాకులు ఎత్తేశాక తూముకి తలుపు బిగించినట్టుంది.

రిజిస్టర్ అయిన క్షణం నుంచీ ఎవరైనా రీడింగ్ అడగొచ్చు. ఆ సందులో అడిగితే పీఎం ఇంకా డిసేబుల్‌లోనే ఉంటుంది కాబట్టి చిప్‌ని లేపే గెట్ సింక్ మైనస్ 13 (అనుమతి లేదనే ఎర్రర్) ఇస్తుంది. పైగా ఫెయిలైనా యూసేజ్ కౌంట్ (చిప్‌ని ఎందరు వాడుతున్నారనే లెక్క) పెంచేసే పోతుంది. నువ్వు ఎర్రర్ చూసి వెనక్కి వచ్చేస్తే ఆ ఒకటి అలాగే ఉండిపోయి, చిప్ ఇక నిద్రపోదు. తెల్లవారుజామున, సరిగ్గా ఆక్సిజన్ పడిపోయే వేళకి, గట్టు మీది బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అందుకే గెట్ సింక్ బదులు రిజ్యూమ్ అండ్ గెట్ వాడు. 5.10 కెర్నెల్ నుంచి ఉంది, ఫెయిలైతే కౌంట్ తనే దించుతుంది.

ప్రోబ్‌లో ముందు రెగ్యులేటర్ (చిప్‌కి కరెంటు ఇచ్చేది) ఆన్ చేసి, డేటాషీట్ చెప్పినన్ని మిల్లీసెకన్లు ఆగి, చిప్ ఐడీ చదువు. ఆ తర్వాత గెట్ నోరెజ్యూమ్ (చిప్‌ని లేపకుండా కౌంట్ మాత్రం పెంచేది), సెట్ యాక్టివ్ (చిప్ మేలుకునే ఉందని కెర్నెల్‌కి చెప్పేది), ఎనేబుల్. ఆటోసస్పెండ్ డిలే, అంటే పని ఆగాక నిద్రపుచ్చే ముందు ఆగే వ్యవధి, 2000 మిల్లీసెకన్లు చాలు. అప్పుడు రిజిస్టర్. అది నెగ్గాకే మార్క్ లాస్ట్ బిజీ (చివరి వాడకం సమయం గుర్తుపెట్టేది), పుట్ ఆటోసస్పెండ్ (కౌంట్ దించి నిద్రకి వదిలేది).

సెట్ యాక్టివ్ మాత్రం ఎనేబుల్‌కి ముందే పడాలమ్మా. తర్వాత పిలిస్తే మైనస్ 11 ఎర్రర్ వస్తుంది, ఆ రిటర్న్ వాల్యూ ఎవరూ చూడరు. కెర్నెల్ దృష్టిలో చిప్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. మొదటి రీడింగ్‌కి నీ రెజ్యూమ్ ఫంక్షన్ రెగ్యులేటర్‌ని రెండోసారి ఆన్ చేస్తుంది. సస్పెండ్ ఒక్కసారే దించుతుంది కనక కరెంటు ఎప్పటికీ ఆగదు.

రిమూవ్‌లో, అంటే డ్రైవర్ తీసేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో, అన్నీ వెనక నుంచి రావాలి: అన్‌రిజిస్టర్, డిసేబుల్, సెట్ సస్పెండెడ్, రెగ్యులేటర్ ఇంకా ఆన్‌లో ఉంటే ఆఫ్. నువ్వు రిజిస్టర్‌ని డెవ్‌ఎమ్‌తో (డ్రైవర్ తీసేశాక కెర్నెలే సర్దిపెట్టే పద్ధతి) చేసి, డిసేబుల్‌ని చేత్తో రిమూవ్‌లో రాశావు. రిమూవ్ ముందు నడుస్తుంది, డెవ్‌ఎమ్ సర్దుడు తర్వాత. అంటే మళ్ళీ అదే సందు. రెండూ డెవ్‌ఎమ్ చెయ్యి, లేదా రెండూ చేత్తో రాయి.

పక్కన రీడింగ్ అడిగే లూపు నడుస్తుండగా అన్‌బైండ్, బైండ్ (చిప్ నుంచి డ్రైవర్‌ని విడదీసి మళ్ళీ తగిలించడం) 50 సార్లు తిప్పు. లూపు ఆపిన రెండు మూడు సెకన్లకి రన్‌టైమ్ స్టేటస్ సస్పెండెడ్ అనాలి. కెర్నెల్ లాగ్‌లో అన్‌బ్యాలెన్స్‌డ్ పీఎం రన్‌టైమ్ ఎనేబుల్ అని కనపడిందా, ఏదో దారిలో డిసేబుల్ పిలవడం మర్చిపోయావన్నమాట. రిజిస్టర్ ఫెయిలయ్యే దారి ముందు చూడు.

మీ మావయ్య