తిప్పతీగ సారం 2000 మిల్లీగ్రాములు ఇచ్చినా ఎలుకలు చావలేదు, సురక్షితమని థీసిస్‌లో రాయొచ్చా?

రాయకూడదు. ఆరు ఆడ ఎలుకలకి కిలో బరువుకి 2000 మి.గ్రా. ఒక్కసారి తాగించి 14 రోజులు చూస్తే ఓఈసీడీ 423 (ఒక్క మోతాదు విషపరీక్షకి అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం తేలేది ఒకటే: ఎల్‌డీ50, అంటే సగం జంతువులు చచ్చే మోతాదు, అంతకన్నా ఎక్కువ. నెలల తరబడి కషాయం తాగేవాళ్ల కాలేయం సంగతి అందులో ఉండదు. దానికి కనీసం ఓఈసీడీ 407 చేయాలి: రోజూ తాగిస్తూ 28 రోజులు, మూడు మోతాదు స్థాయిలకి మూడు గుంపులు, సారం ఇవ్వని ఒక కంట్రోల్ గుంపు, గుంపుకి ఐదు మగ, ఐదు ఆడ. మామూలుగా పై మోతాదు కిలోకి 1000 మి.గ్రా. చాలు. ఎథిక్స్ కమిటీ అనుమతి జంతువులు కొనకముందే రావాలి.

అన్నిటికన్నా ముందు కాడ. హైదరాబాద్ బేగంబజార్‌లో ఎండుముక్కలు కొంటే అందులో తిప్పతీగని పోలిన వేరే తీగ టినోస్పోరా క్రిస్పా కలిసిందో లేదో కంటితో తేల్చడం కష్టం. పచ్చికాడైతే క్రిస్పా మీది బుడిపెలు దాన్ని పట్టిస్తాయి. పచ్చికాడే తెచ్చి వృక్షశాస్త్రం వాళ్లతో గుర్తింపు చేయించి, హెర్బేరియం నంబరు (ఎండబెట్టి దాచిన మొక్క నమూనాకి ఇచ్చే నంబరు) తీసుకోండి. నీటి కషాయం ఫలితాన్ని ఆల్కహాల్ సారానికి అంటగట్టొద్దు. వంద గ్రాముల పొడికి ఎంత సారం వచ్చిందో రాయకపోతే మీ 2000 ఎంత కాడకి సమానమో ఎవరికీ తెలీదు.

ఎక్కువమంది తప్పేది తాగించే దగ్గరే. 200 గ్రాముల ఎలుకకి 400 మి.గ్రా. కావాలి. దాన్ని 2 మి.లీ.లో పట్టిస్తే జావై, గొంతులోకి దించి తాగించే సూది మూసుకుపోతుంది. నీటి ద్రావణమైతే 100 గ్రాములకి 2 మి.లీ. వరకు వెళ్లొచ్చు కాబట్టి 4 మి.లీ.లో ఇవ్వండి. 0.5 శాతం సీఎంసీలో (పొడిని నీళ్లలో తేలేలా ఉంచే జిగురు ద్రావణం) మెత్తగా నూరి, ప్రతి ఎలుకకీ ముందు కలపాలి. లేకుంటే సారం అడుగున పేరుకుని ఒక ఎలుకకి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ పడుతుంది. తాగించిన నిమిషాల్లో ముక్కున నురగతో చచ్చిందంటే సారం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు. కోసి చూసి, ఉన్నదున్నట్టు రాయండి. విషం ఖాతాలో వేయొద్దు, దాచనూ వద్దు.

రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే ఏఎస్‌టీ (కాలేయంలోనూ రక్తకణాల్లోనూ ఉండే ఎంజైము), పొటాషియం ఉత్తినే పెరుగుతాయి. ఏఎల్‌టీ (ముఖ్యంగా కాలేయంలో ఉండే ఎంజైము) కదలకుండా ఏఎస్‌టీ ఒక్కటే ఎగిరితే ముందు సీరం రంగు చూడండి. ఎర్రగా ఉంటే తప్పు సూదిది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే తిండి తగ్గి కంట్రోల్ గుంపూ బరువు కోల్పోతుంది. గది వేడి రోజూ రాసిపెట్టుకోకపోతే ఆ తగ్గుదలకి కారణం చూపించలేరు.