లాబ్‌వ్యూ లాగ్ ఫైలులో ఒకే రీడింగు మళ్లీ మళ్లీ ఎందుకు పడుతోంది?

మీరు నాలుగు థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ సెన్సర్లు) రీడింగులను లాబ్‌వ్యూతో (బొమ్మల రూపంలో ప్రోగ్రాము రాసే కొలతల సాఫ్ట్‌వేర్) ఫైలులోకి రాస్తున్నారు. ఒక్కో వరుస రెండుసార్లు, అప్పుడప్పుడు మూడుసార్లు పడుతోంది. రాసే లూప్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే భాగంలో) వెయిట్, అంటే ఆగే సమయం, పెంచితే తగ్గుతోంది కానీ పూర్తిగా పోవడం లేదు. ముందుగా ఒక మాట: దయచేసి ఆ వెయిట్‌ను ఇంకా పెంచకండి. నకళ్లతో పాటు అసలు రీడింగులూ పోతాయి. పోయినట్టు ఫైలు చూస్తే ఎవరికీ తెలియదు.

ఉష్ణోగ్రత పరీక్షల ల్యాబులో చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాను. ఇలాంటి సమస్య వచ్చినప్పుడు నేను బ్లాక్ డయాగ్రమ్ (లాబ్‌వ్యూ ప్రోగ్రాము బొమ్మ) తెరవకముందే ఫైలు తెరుస్తాను. నకలు పడే తీరును బట్టి కారణం సగం తెలిసిపోతుంది.

అసలు అవి నకళ్లేనా అన్నది మొదట తేల్చుకోవాలి. 12 బిట్ల కొలత కార్డును ±10 వోల్టుల రేంజిలో వాడితే ఒక్కో మెట్టు దాదాపు 4.88 మిల్లీవోల్టులు. నిలకడగా ఉన్న సిగ్నల్ వరుసగా ఒకే అంకె ఇచ్చినా అందులో తప్పేమీ లేదు. 24 బిట్ల థర్మోకపుల్ మాడ్యూల్ సంగతి వేరు. నాయిస్ వల్ల చివరి అంకెలు కదులుతూనే ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ ఫైలు రాసే వీఐ (లాబ్‌వ్యూ ఉపప్రోగ్రాము) మామూలుగా మూడు దశాంశాలే రాస్తుంది కాబట్టి ఫార్మాట్‌ను ఆరు దశాంశాలకు మార్చి చూడండి. ఇలాంటి మాడ్యూల్‌లో నాలుగు ఛానెళ్లూ పై వరుసతో ఆరో దశాంశం దాకా ఒకేసారి కలిశాయంటే అది కచ్చితంగా పాత రీడింగే.

ఇక తీరు. ఫైలులో 1, మళ్లీ 1, 2, ఆ తర్వాత 1, 2, 3 అన్నట్టు పెరుగుతూ పోతే షిఫ్ట్ రిజిస్టర్‌లో (లూప్ పాత విలువను తర్వాతి చుట్టుకు అందించే చోటు) బిల్డ్ అర్రేతో పోగుచేసిన మొత్తం అర్రేను ప్రతిసారీ ఫైలుకు జోడిస్తున్నారని అర్థం. కొత్త వరుసను మాత్రమే రాస్తే సరిపోతుంది. పెద్ద పెద్ద ముక్కలు ఒకదానిపై ఒకటి పడుతుంటే డాక్ఎమ్‌ఎక్స్ (కార్డును నడిపే డ్రైవర్) రీడ్ ప్రాపర్టీల్లో రిలేటివ్ టు, అంటే ఎక్కడి నుంచి చదవాలన్న చోట, ఏముందో చూడండి. మోస్ట్ రీసెంట్ శాంపిల్ అని, ఆఫ్‌సెట్ −1000 అని ఉండి, సెకనుకు 1000 శాంపిళ్ల వేగంలో లూప్ 250 మిల్లీసెకన్లకోసారి వెయ్యేసి చదువుతుంటే ప్రతి శాంపిల్ నాలుగుసార్లు ఫైలుకెక్కుతుంది. కరెంట్ రీడ్ పొజిషన్‌కు మార్చి, ఆ లూప్‌లో వెయిట్ తీసేయండి. అడిగినన్ని శాంపిళ్లు వచ్చేదాకా రీడ్ తానే ఆగుతుంది.

మీరు చెప్పిన రెండు, రెండు, మూడు తీరు ఈ రెండూ కాదు. కొలిచే లూప్ ఒకటి, రాసే లూప్ మరొకటి, మధ్యలో లోకల్ వేరియబుల్ ఉన్నప్పుడు ఎక్కువగా ఇలా వస్తుంది. లోకల్ వేరియబుల్ నోటీసు బోర్డు లాంటిది. ఎన్నిసార్లు చూసినా ఉన్నదే కనిపిస్తుంది, మధ్యలో చెరిపి రాసినది కనిపించదు. రెండు లూప్‌ల వేగం ఎంత సరిచేసినా విండోస్‌లో అవి అడుగులో అడుగు వేసి నడవవు. దీనికి సరైన మార్గం క్యూ, అంటే రీడింగులు వచ్చిన వరుసలోనే నిలబడే లైను. కొలిచే లూప్ ఎన్‌క్యూ చేస్తుంది (చివర చేరుస్తుంది), రాసే లూప్ డీక్యూ చేస్తుంది (ముందు నుంచి తీస్తుంది), ఒక్కో రీడింగు ఒక్కసారే బయటికొస్తుంది. డీక్యూ టైమౌట్‌ను −1 (రీడింగు వచ్చేదాకా ఆగడం) వద్ద ఉంచండి. వేరే విలువ ఇస్తే టైమ్డ్ ఔట్ అవుట్‌పుట్‌ను చూసుకున్నాకే రాయాలి, లేకపోతే సున్నాల వరుసలు వచ్చిపడతాయి. ప్రివ్యూ క్యూ ఎలిమెంట్ మాత్రం వాడకండి, అది విలువను చూపిస్తుందే తప్ప క్యూలోంచి తీయదు.

క్యూలో పెట్టే క్లస్టర్‌లో (కలిపి కట్టిన విలువల మూటలో) రీడింగులతో పాటు ఒక కౌంటర్, టైమ్‌స్టాంప్ కూడా ఉండాలి. ఆ రెండూ కొలిచే లూప్‌లోనే పుట్టాలి. చాలా ప్రోగ్రాములు రాసే చోట సమయం తీసుకుంటాయి. దాంతో పాత రీడింగుకు కొత్త సమయం తగులుకుని నకలు అసలులా కనిపిస్తుంది. కౌంటర్ ఉంటే వాదనే లేదు: 57, 57 అని ఉంటే నకలు, 57 తర్వాత 59 ఉంటే ఒకటి పోయింది.

కౌంటర్ సక్రమంగా పెరుగుతున్నా విలువలు మారకపోవడం కూడా ఉంది. మా ల్యాబులో ఒక కొలిమి చల్లబడే గ్రాఫు నున్నగా దిగాల్సింది మెట్లు మెట్లుగా దిగింది. ప్రోగ్రాములో ఏ లోపమూ లేదు. బెంచ్ మల్టీమీటర్ 10 పీఎల్‌సీ (కరెంటు లైను ఆవృత్తాలు) మీద ఉంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఒక పీఎల్‌సీ అంటే 20 మిల్లీసెకన్లు, అంటే ఒక్క కొలతకు 200. ఆటో జీరో (మీటరు తన సున్నాను తానే సరిచూసుకోవడం) కూడా ఉంటే దాదాపు రెట్టింపు. మేం 100 మిల్లీసెకన్లకోసారి ఫెచ్ కమాండ్ పంపుతుంటే మీటరు తన దగ్గరున్న చివరి రీడింగునే మళ్లీ ఇచ్చేది. ఫెచ్ బదులు రీడ్ పంపితే కొత్తగా కొలిచి ఇస్తుంది. లూప్ కొంత నెమ్మదించినా మెట్లు పోయాయి.

ఇప్పటికే నమోదైన ఫైళ్ల మీద ఎక్సెల్‌లోని రిమూవ్ డూప్లికేట్స్ నేరుగా వాడకండి. అది పక్కపక్క వరుసలనే కాదు, గంట తర్వాత నిజంగా వచ్చిన అదే ఉష్ణోగ్రతను కూడా తీసేస్తుంది. పై వరుసతో నాలుగు ఛానెళ్లూ పూర్తిగా కలిసిన వరుసలను మాత్రమే గుర్తుపెట్టి, అసలు ఫైలును అలాగే ఉంచి, కాపీలో తొలగించండి. మధ్యలో పోయిన రీడింగులు ఎలాగూ తిరిగి రావు. వేగంగా మారే దశ ఉన్న పరీక్షను క్యూ పెట్టాక మళ్లీ చేయడమే మంచిది.