కాన్‌కూన్‌లో ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు: మద్యం, మాంసం ముట్టని కుటుంబానికి గిట్టుబాటవుతుందా?

మీ ప్రశ్న ఇది: డల్లాస్‌లో ఉంటున్న మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, విజిటర్ వీసాపై వచ్చిన మీ తల్లిదండ్రులు కలిసి అయిదు రాత్రులకు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్లాలనుకుంటున్నారు, అందరూ శాకాహారులు, మద్యం అలవాటు ఎవరికీ లేదు, తిండి, పానీయాలు, గది అన్నీ ఒకే ధరలో కలిపిన రిసార్టు తీసుకోవచ్చా? రెండేళ్ల క్రితం అచ్చంగా ఇలాంటి కుటుంబంతోనే, మా అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని వెళ్లి వచ్చాను గనుక వివరంగా రాస్తున్నాను. అయిదు రాత్రులూ అలాంటి రిసార్టులోనే గడపవద్దని నా సలహా.

కారణం లెక్కలోనే ఉంది. ఆ ధరలో చెప్పుకోదగ్గ భాగం బార్ల ఖర్చే. తాగని వాళ్లకు ఆ మేరకు తగ్గించరు. పైగా మేము ఉన్న అయిదు రోజుల్లో రెండు రోజులు బయటే తిరిగాము: ఒక రోజు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని ప్రాచీన మాయా నగరం చిచెన్ ఇట్సాకు, మరొక రోజు సముద్రతీరంలోని తులూమ్ మాయా శిథిలాలకు, ఆ దారిలోనే ఉన్న ఒక సెనోటేకు. కాన్‌కూన్ ఉన్న యుకాటన్ ద్వీపకల్పం సున్నపురాతి నేల కావడం వల్ల నీరంతా భూమిలోకి ఇంకిపోయి, పైకప్పు కూలిన చోట మన దిగుడుబావుల్లాంటి సహజమైన మడుగులు ఏర్పడ్డాయి, వాటినే సెనోటేలంటారు. పిల్లలకు సముద్రం కంటే అదే ఎక్కువ నచ్చింది. ఆ రెండు రోజులూ రిసార్టులో ముందే డబ్బు కట్టిన భోజనాలు వృథా అయ్యాయి, బయట మళ్లీ కొనుక్కుని తిన్నాము. మీరైతే మొదటి మూడు రాత్రులు రిసార్టులో ఉండి గేటు దాటకుండా గడపండి. మిగిలిన రెండు రాత్రులకు ప్లాయా దెల్ కార్మెన్‌లో వంటగది ఉన్న మామూలు బస తీసుకోండి. అది విమానాశ్రయానికి దక్షిణంగా సుమారు 55 కిలోమీటర్లు. తులూమ్ అక్కడి నుంచి దగ్గర.

ఇక తిండి సంగతి. బఫేలో శాకాహారంలా కనిపించినవన్నీ శాకాహారం కావు. మెత్తగా మెదిపి వేయించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేయడం అక్కడ మామూలే, ఎర్రగా కనిపించే అన్నాన్ని కోడి రసంలో ఉడికించడమూ మామూలే. "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో కొవ్వు, రసం మాంసం కిందికి రావు. అందుకే "సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో", అంటే పంది కొవ్వు వద్దు, కోడి రసం వద్దు అని స్పానిష్‌లో రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి. రెండో రోజు బఫే బాధ్యుడైన వంటాయనను పిలిపించి ఆ చీటీ చూపించాక మాకు విడిగా వండి పెట్టారు. అడిగేందుకు మొహమాటపడిన మొదటి రోజంతా మామగారు బొప్పాయి ముక్కలతో, మొక్కజొన్న రొట్టెలతో సరిపెట్టుకున్నారు. హబనేరో మిరపకాయ పచ్చడి మాత్రం ఆయనకు తెగ నచ్చింది. "హమైకా" అనే ఎర్రటి చల్లని పానీయాన్ని అత్తగారు ఒక గుక్క తాగగానే గోంగూర పులుపని గుర్తుపట్టారు. అది నిజంగానే ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో చేసేదే.

రాత్రి భోజనానికి విడిగా ఉండే రెస్టారెంట్లలో మగవారికి ప్యాంటు, మూసిన బూట్లు తప్పనిసరి అనే నియమం చాలా చోట్ల ఉంటుంది. చెప్పులతో వెళ్లిన మామగారిని గుమ్మంలోనే ఆపేశారు. మీ నాన్నగారికి ఒక జత బూట్లు పెట్టెలో సర్దండి.

మేము చేసిన పెద్ద పొరపాటు జూన్‌లో వెళ్లడం. 2011 నుంచి కరీబియన్ తీరాలకు సర్గాసం అనే గోధుమరంగు నాచు పెద్ద ఎత్తున కొట్టుకొస్తోంది. వసంతం నుంచి వేసవి చివరి దాకా దాని ఉద్ధృతి ఎక్కువ. రోజూ తెల్లవారేసరికి ట్రాక్టర్లతో ఎత్తిపోస్తున్నా మధ్యాహ్నానికి మళ్లీ మేట వేసేది, కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది. దానికి తోడు తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. క్రిస్మస్ రద్దీకి ముందు డిసెంబర్ మొదటి రెండు వారాలు గాని, జనవరి రెండో వారం తర్వాత గాని నయం. అప్పుడప్పుడు ఉత్తరపు గాలి వీచి ఒకటి రెండు రోజులు చలిగా ఉన్నా, తీరం శుభ్రంగా ఉంటుంది.

రిసార్టు ఎంపికలో ఫొటోల కంటే మ్యాపు ముఖ్యం. కాన్‌కూన్ హోటళ్ల ప్రాంతం 7 అంకె ఆకారంలో ఉంటుంది. పైగీత మీది హోటళ్లు ఇస్లా ముహేరెస్ దీవి వైపు చూస్తాయి, అక్కడ నీరు లోతు తక్కువ, అలలు తక్కువ. పొడుగు గీత తూర్పున నేరుగా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ అలలు పెద్దవి, లోపలికి లాగే ప్రవాహాలూ ఉంటాయి. మేము ఆ వైపు దిగినందువల్ల రెండు రోజులు సముద్రంలో దిగవద్దని హెచ్చరించే ఎర్రజెండా ఎగిరి, పిల్లలు ఈతకొలనుకే పరిమితమయ్యారు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న మీకు పైగీతే తగినది.

విమానాశ్రయం నుంచి కారు ముందే మాట్లాడుకుని, బయటికి వచ్చే హాల్లో "ట్యాక్సీ ఇటు" అని పిలిచేవారి దగ్గర ఆగకుండా నడవండి. వాళ్లలో చాలామంది టైమ్‌షేర్, అంటే రిసార్టులో ఏటా కొన్ని రోజులు ఉండే వాటా, అమ్మేవాళ్లు.

చెల్లుబాటయ్యే అమెరికా వీసా గాని గ్రీన్‌కార్డు గాని ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు కాబట్టి మీ తల్లిదండ్రులకు ఇబ్బంది ఉండదు. అయితే ఈ ప్రయాణంతో వాళ్లకు అమెరికాలో మరో ఆరు నెలల గడువు వస్తుందని ఆశించకండి. 30 రోజుల లోపు మెక్సికో వెళ్లి వస్తే పాత ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే ప్రవేశ రికార్డు) మీదే తిరిగి రానివ్వవచ్చు. మీ దంపతులు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపింగ్ (అతికించిన వీసా) గడువు ముగిసి ఉంటే మాత్రం, హెచ్1బీ ఆమోదపత్రం చేతిలో ఉన్నా మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. టికెట్లు కొనేలోపే కాన్సులేటును, మీ ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి తేల్చుకోండి.